మాక్‌బెత్ బాధంతా ఎవరి గురించి?

ఈమధ్య ఒక డిగ్రీ కళాశాల విద్యార్థులు వేసిన షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకం చూశాను. రాజవుతావన్న మంత్రగత్తెల జోస్యం విని, భార్య పురిగొల్పగా, స్కాట్లాండ్ సేనాని మాక్‌బెత్ తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజు డంకన్‌ను చంపి సింహాసనం ఎక్కే కథ అది. పిల్లలు ప్రాణం పెట్టి వేశారు. మాక్‌బెత్ వేషం కట్టిన కుర్రవాడి గొంతు చివరి అంకానికి బొంగురుపోయింది, అది కూడా పాత్రకు కలిసొచ్చింది. తెర పడ్డాక నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “పాపం, చేసిన తప్పుకు బతికుండగానే నరకం అనుభవించాడండీ. ఇంతకంటే శిక్ష ఏముంటుంది?” అన్నారు. బయటికి వస్తూ వింటే చాలామంది నోట అదే మాట.

నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఆ ప్రదర్శనలో ఒక దృశ్యం ఎత్తేశారు. నాలుగో అంకంలో, తనకు ఎదురుతిరిగిన మాక్‌డఫ్ అనే ప్రభువు భార్యనూ కొడుకునూ మాక్‌బెత్ చంపించే దృశ్యం అది. చిన్న పిల్లవాడి వేషానికి ఎవరూ దొరకలేదనీ, నిడివి కూడా తగ్గించాల్సి వచ్చిందనీ నాటకం చేయించిన అధ్యాపకురాలు చెప్పారు. ఆమె ఇబ్బంది అర్థమైంది. కానీ ఆ ఒక్క దృశ్యం పోయేసరికి నాటకం తలకిందులైంది. మాక్‌బెత్ పడే వేదన అంతా చూశాం, ఆ వేదన పడుతూనే అతడు ఏం చేయిస్తున్నాడో మాత్రం చూడలేదు.

నా అభిప్రాయం ఇది. మాక్‌బెత్ వేదన నిజమైనదే, దానిలో నటన లేదు. అయితే డంకన్ హత్య జరిగిన క్షణం నుంచి ఆ వేదన దాదాపు మొత్తం తన గురించే. తన నిద్ర, తన శాంతి, తన ఆత్మ, తన సింహాసనం. చనిపోయినవాళ్లకు అందులో చోటు లేదు. అందుకే అది అతణ్ణి ఒక్క అడుగు కూడా వెనక్కి వేయించలేదు, పైగా తర్వాతి హత్యకు దారి తీసింది. అలాంటి బాధను శిక్ష కింద జమ వేసి ‘పాపం’ అనే పని షేక్‌స్పియర్ చేయలేదు. చేస్తున్నది మనం.

సాకులన్నీ తీసేశాడు

షేక్‌స్పియర్ ఈ కథను పదహారో శతాబ్దపు ఇంగ్లిష్ చరిత్రకారుడు హోలిన్‌షెడ్ రాసిన చరిత్ర గ్రంథం నుంచి తీసుకున్నాడు. అక్కడ ఏముందో చూస్తే, నాటకంలో ఏం లేదో తెలుస్తుంది. హోలిన్‌షెడ్ చెప్పిన డంకన్ మరీ మెతక రాజు, రాజ్యాన్ని అదుపులో పెట్టలేనివాడు. ఆనాటి స్కాట్లాండ్‌లో సింహాసనం తండ్రి నుంచి కొడుక్కి నేరుగా వెళ్లాలన్న కట్టుబాటు లేదు. కొడుకు చిన్నవాడైతే దగ్గరి రక్తసంబంధీకుడికి హక్కు ఉంటుంది. డంకన్ తన కొడుకును వారసుడిగా ప్రకటించి ఆ హక్కుకు గండికొట్టాడు కాబట్టి, మాక్‌బెత్ ఫిర్యాదులో న్యాయం ఉన్నట్టే హోలిన్‌షెడ్ రాశాడు. రాజయ్యాక పదేళ్లపాటు మంచి చట్టాలతో పాలించాడని కూడా రాశాడు. అసలు చరిత్రలోనైతే 1040లో డంకన్ చనిపోయింది యుద్ధంలో. మాక్‌బెత్ పదిహేడేళ్లు రాజ్యం చేశాడు. 1050లో రోముకు యాత్ర వెళ్లి పేదలకు డబ్బు పంచాడు.

నాటకంలో ఇవేవీ లేవు. డంకన్ వయసు మళ్లిన మంచి రాజు. అతిథిగా వచ్చి, ఆతిథ్యం ఇచ్చిన ఇల్లాలికి వజ్రం కానుకగా పంపించి నిద్రపోతాడు. మాక్‌బెత్ న్యాయమైన హక్కు గురించి ఒక్క మాట లేదు, పదేళ్ల మంచి పాలన లేదు. మాక్‌బెత్ సాటి సేనాని బాంక్వో హోలిన్‌షెడ్ గ్రంథంలో హత్యకు తోడున్నాడు, ఇక్కడ మాత్రం కడిగిన ముత్యం. ఆ మార్పుకు రాజకీయ కారణం ఉంది. 1603లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కిన జేమ్స్ రాజు వంశం తన మూలపురుషుడిగా బాంక్వోను చెప్పుకునేది. మిగతా మార్పులకు ఆ కారణం సరిపోదు. మాక్‌బెత్‌కు దొరికే ప్రతి సాకునూ రచయిత ఏరి పారేశాడు. ఇక మిగిలింది ఉత్త కోరిక.

ఆ కోరికలో కూడా ఒక వింత ఉంది. రాజైతే ఏం చేస్తాడో మాక్‌బెత్ ఎక్కడా చెప్పడు. ప్రజలకు ఫలానా మేలు చేస్తానని లేదు, ఫలానా శత్రువును అణుస్తానని లేదు, కనీసం భోగాలు అనుభవించాలన్న ఊహ కూడా లేదు. కిరీటం పెట్టుకుని ఆనందంగా ఉన్న దృశ్యం నాటకంలో ఒక్కటి కూడా కనిపించదు. మూడో అంకం మొదలయ్యేసరికి అతడు రాజు, అప్పటికే బాంక్వో మీద భయంతో కుతకుతలాడుతున్నాడు. కుర్చీలో తాను ఉండాలి, అంతే. ఆశ అప్పటినుంచే తన వైపు మాత్రమే చూస్తోంది. తర్వాత వచ్చిన బాధ కూడా అటే చూడటంలో ఆశ్చర్యం లేదు.

ముందే అన్నీ తెలిసినవాడు

మొదటి అంకం చివర్లో, లోపల రాజుకు విందు జరుగుతుండగా మాక్‌బెత్ ఒంటరిగా బయటికి వచ్చి తనలో తాను మాట్లాడుకుంటాడు. ఈ పని తలపెట్టకూడదని చెప్పే కారణాలన్నీ అక్కడే వరసపెడతాడు. డంకన్ తన బంధువు, తన రాజు, తన ఇంటి అతిథి. తలుపు మూసి హంతకుణ్ణి ఆపవలసిన తానే కత్తి పట్టడమా? పైగా డంకన్ ఎంత సౌమ్యుడంటే, అతణ్ణి చంపితే జాలి అప్పుడే పుట్టిన పసికందులా గాలినెక్కి వచ్చి లోకమంతటి కళ్లలో నీళ్లు నింపుతుందంటాడు. ఎదుటి మనిషిని మనిషిగా చూడగలిగిన మాక్‌బెత్ మనకు కనిపించేది ఇక్కడే. హత్యకు ముందు.

అంతలో భార్య వస్తుంది. ఈ పని ఇక వద్దంటాడు ఆమెతో. ఎందుకు వద్దో చెప్పేటప్పుడు మాత్రం బంధుత్వం, ఆతిథ్యం, పసికందు లాంటి జాలి, ఏ ఒక్కటీ నోటికి రావు. రాజు ఈమధ్యే నన్ను గౌరవించాడు, జనంలో మంచి పేరు వచ్చింది, ఆ కొత్త బట్టలు మెరుపు తగ్గకముందే పారేసుకోవడం దేనికి అంటాడు. లోపల అనుకున్నది ధర్మం గురించి, బయటికి చెప్పింది పరువు గురించి. పరువు గురించైతే ఆమె సులువుగా జవాబు చెప్పగలదు, చెప్పింది కూడా. ధర్మం గురించి అడిగి ఉంటే ఏం చెప్పేదో మనకు తెలియదు. అడగలేదు కదా.

హత్య చేసి వచ్చాక రెండో అంకంలోని మాటలు ప్రపంచమంతా మెచ్చుకున్నవి. పక్క గదిలో ఎవరో నిద్రలో ఉలిక్కిపడి దేవుణ్ణి తలచుకున్నారు, తాను ‘ఆమెన్’ అనబోతే గొంతు పెగలలేదు. ఎందుకు పెగలలేదు, దీవెన అందరికంటే తనకే కదా అవసరం అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. ‘మాక్‌బెత్ నిద్రను చంపేశాడు, ఇక నిద్రపోడు’ అని ఒక గొంతు వినిపించిందంటాడు. ఈ మాటలు చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ అందులో డంకన్ ఎక్కడున్నాడో వెతకండి. మంచం మీద రక్తం కారుతున్న ముసలాయన సంగతి లేదు. నా ఆమెన్, నా నిద్ర. తెల్లవారగానే, ఏ పాపం ఎరుగని కాపలావాళ్లిద్దరినీ తానే చంపేస్తాడు. వాళ్ల గురించి తర్వాత ఎవరూ బాధపడరు, మాక్‌బెత్ అసలే బాధపడడు.

మూడో అంకంలో అతడి గోడు మరీ విచిత్రంగా ఉంటుంది. మంత్రగత్తెల జోస్యం ప్రకారం ముందు ముందు రాజులయ్యేది బాంక్వో సంతతి. అంటే బాంక్వో పిల్లల కోసం నా మనసును మలినం చేసుకున్నానా, వాళ్ల కోసం ఆ దయగల డంకన్‌ను చంపానా అని వాపోతాడు. డంకన్ దయగలవాడని ఒప్పుకుంటూనే, ఆ హత్య ఫలం వేరేవాళ్లకు పోతోందని ఏడుపు. కాసేపటికి భార్యతో మాట్లాడుతూ, డంకన్ హాయిగా సమాధిలో నిద్రపోతున్నాడు, విషం గానీ కత్తి గానీ ఇక అతణ్ణి తాకలేవు అంటాడు. తాను చంపిన మనిషిని చూసి అసూయపడుతున్నాడు!

ఇక విందు దృశ్యం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నిండు సభలో తన కుర్చీలో కూర్చున్న, తాను చంపించిన బాంక్వో దయ్యంతో మాక్‌బెత్ అనే మొదటి మాట ‘నేను చేశానని నువ్వు అనలేవు’. చంపింది కూలికి పెట్టిన మనుషులు కదా, అదీ అతడి సమర్థన. మనస్సాక్షి బద్దలవుతోందని మనం అనుకునే చోట అతడు వకాలతు వాదిస్తున్నాడు. అతిథులు వెళ్లిపోయాక, తనకు కలిగిన ఆ కలవరానికి కారణం తానే తేలుస్తాడు: ఇది కొత్తవాడికి ఉండే భయం, ఇంకా అలవాటు పడలేదు, ఈ పనిలో మనం ఇంకా పసివాళ్లమే. అంటే విరుగుడు మరిన్ని హత్యలన్నమాట. నాటకం మొత్తంలో నన్ను అన్నిటికంటే భయపెట్టిన మాట ఇది. అపరాధ భావాన్ని అనుభవం లేనితనంగా లెక్కకట్టి, సాధనతో పోగొట్టుకోవాలనుకున్నాడు, పోగొట్టుకున్నాడు కూడా. మాక్‌డఫ్ ఇంటి మీదికి మనుషులను పంపింది ఆ తర్వాతే.

తిరిగి ఇవ్వని బాధ

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకంటే, అది నాటకంతో అయిపోయేది కాదు కాబట్టి. మా దూరపు బంధువుల్లో ఒకాయన చెల్లెలికి రావలసిన పొలాన్ని ఏవో కాగితాల మీద సంతకం పెట్టించుకుని తన పేరున రాయించుకున్నాడు. ఆయన పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర అందరూ ఒకటే మాట: ఆ సంగతి తలచుకుని చివరి రోజుల్లో ఎంత కుమిలిపోయాడో, రాత్రుళ్లు లేచి కూర్చునేవాడట, ఏ గుడికి వెళ్లినా కన్నీళ్లేనట. చెల్లెలు అక్కడే వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె చేతికి ఎవరో విస్తరాకుల కట్ట ఇస్తే ఒక్కొక్కటీ విడదీస్తోంది. ఆ మాటలు విన్నట్టు గానీ విననట్టు గానీ ముఖంలో ఏమీ లేదు. పట్టాదారు పాసుపుస్తకం అప్పటికీ ఆయన కొడుకు పేరునే ఉంది, ఇప్పటికీ అలాగే ఉంది.

చేసిన పాపం చెబితే పోతుందని మనకో సామెత ఉంది. ఆ సామెత ఎంతమంది చేత సులువుగా ఊపిరి పీల్పించిందో! ఆ చెల్లెలికి చెప్పినా చెప్పకపోయినా ఎకరం తిరిగి రాలేదు. ఆయన పడిన బాధకు ఊరంతా కరిగింది. బాధపెట్టబడిన మనిషి వైపు తిరిగి చూసినవారు లేరు.

ఈ ప్రశ్న షేక్‌స్పియర్‌కు బాగా తెలుసు. ‘హామ్లెట్’లో అన్నను చంపి రాజైన క్లాడియస్ ప్రార్థనకు మోకరిల్లి, హత్య వల్ల వచ్చిన కిరీటం, ఆశ, రాణి అన్నీ నా దగ్గరే ఉంచుకుని క్షమాపణ ఎలా అడగను అని తనను తానే నిలదీసుకుంటాడు. వదులుకోలేడు, కానీ ప్రశ్న మాత్రం సరిగ్గా వేసుకున్నాడు. మాక్‌బెత్ ఆ ప్రశ్న కూడా వేసుకోడు. డంకన్ కొడుకు మాల్కం ఇంగ్లండ్‌లో బతికే ఉన్నాడు, అతడి రాజ్యం అతడికి ఇచ్చేద్దామన్న ఆలోచన ఒక్క పంక్తిలోనైనా తొంగిచూడదు.

తీసేయకూడని దృశ్యం

ఇప్పుడు ఆ తీసేసిన దృశ్యానికి వస్తాను. మాక్‌డఫ్ ఎవరికీ చెప్పకుండా ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. భార్య కోపంగా ఉంది. మీ నాన్న చనిపోయాడు, ఇక ఎలా బతుకుతావురా అని కొడుకును అడుగుతుంది. పక్షులు బతికినట్టే అమ్మా అంటాడు వాడు. ద్రోహులంటే ఎవరు, వాళ్లను ఉరితీసేది ఎవరు అని అడిగి, మాట తప్పి అబద్ధమాడేవాళ్లే ద్రోహులు, ఉరితీసేది మంచివాళ్లు అని తల్లి చెబితే, అయితే అబద్ధాలకోరులు వట్టి మూర్ఖులు, మంచివాళ్లను పట్టి ఉరితీసేంతమంది వాళ్లే ఉన్నారుగా అంటాడు. ఇంతలో ఎవరో వచ్చి పారిపోండని హెచ్చరించి వెళతాడు. ఎక్కడికి పోను, నేనెవరికీ ఏ కీడూ చేయలేదే అంటుంది ఆమె. హంతకులు వస్తారు. పొడిచాక పిల్లవాడు అనే మాట తల్లిని పారిపొమ్మని.

చూడండి, డంకన్ హత్య తెర వెనుక జరుగుతుంది. ఈ పిల్లవాడి హత్య మన కళ్ల ముందు జరుగుతుంది. మాక్‌బెత్ వైపు ఒరిగిపోతున్న మన మనసును రచయిత ఇక్కడ మెడ పట్టి ఇటు తిప్పాడు. నిడివే సమస్య అయితే తీయడానికి మంత్రగత్తెల దేవత హెకాటీ వచ్చే దృశ్యం ఉంది. దాన్ని మరో నాటకకర్త థామస్ మిడిల్టన్ తర్వాత చేర్చాడని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. తీసేసినా కథకు లోటు రాదు.

ఆ వెంటనే వచ్చే దృశ్యం ఇంకా విలువైనది. వార్త విన్న మాక్‌డఫ్ టోపీ కళ్ల మీదికి లాక్కుంటాడు. నా పిల్లలు కూడానా, అందరూనా అని అడిగిందే అడుగుతాడు. మగవాడిలా తట్టుకోమంటాడు మాల్కం. తట్టుకుంటాను, కానీ మనిషిలా ఏడవాలి కూడా కదా అంటాడు. ఆ తర్వాత తననే నిందించుకుంటాడు: వాళ్లు చేసిన తప్పుకు కాదు, నా తప్పుకే వాళ్లు చచ్చిపోయారు. కత్తి పట్టనివాడు ఇలా కుమిలిపోతున్నాడు. కత్తి పంపినవాడికి ఆ పిల్లవాడి ఊసే లేదు. అపరాధ భావం ఎదుటివాళ్ల వైపు చూస్తే ఎలా ఉంటుందో మాక్‌డఫ్ చూపించాడు, అదీ పక్కపక్క దృశ్యాల్లోనే.

ఆమె లెక్కపెట్టింది

మాక్‌బెత్ దంపతుల్లో భార్యను రాక్షసిగా, భర్తను సున్నిత మనస్కుడిగా చూడటం మనకు అలవాటు. ఐదో అంకం చదివాక అలా చూడటం నావల్ల కాలేదు. నిద్రలో నడిచే దృశ్యంలో ఆమె అనే మాటలను ఒక్కొక్కటిగా చూడండి. ఆ ముసలాయనలో అంత రక్తం ఉందని ఎవరనుకున్నారు? డంకన్ శరీరం ఆమెకు గుర్తుంది. ఫైఫ్ ప్రభువుకు ఒక భార్య ఉండేది, ఇప్పుడు ఆమె ఎక్కడ? ఫైఫ్ ప్రభువంటే మాక్‌డఫ్. ఆ హత్యలో ఈమెకు భాగం లేదు. బాంక్వో విషయంలోనే ‘నీకు తెలియకపోవడమే మంచిది’ అని భర్త ఆమెను పక్కన పెట్టేశాడు. అయినా ఈ భార్యాభర్తల్లో చనిపోయిన ఆ ఇల్లాలిని తలచుకున్నది ఈమె ఒక్కతే.

1785లో లండన్‌లోని డ్రూరీ లేన్ రంగస్థలం మీద సారా సిడన్స్ ఈ పాత్ర వేసినప్పుడు, చేతిలోని కొవ్వొత్తిని కింద పెట్టి రెండు చేతులూ రుద్దుకుంది. అంతకుముందు నటీమణులు దాన్ని దృశ్యమంతా పట్టుకునే ఉండేవారట. నాటకశాల యజమాని షెరిడన్ వద్దన్నా ఆమె వినలేదు. సరైన పనే చేసింది. కొన్ని నీళ్లు పోస్తే పోతుందిలే అని రెండో అంకంలో అన్న మనిషి, ఇప్పుడు అరేబియా అత్తరులన్నీ పోసినా ఈ చిన్న చేతి వాసన పోదంటుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే ఆ మాటకు బలం.

ఆమె కూడా ఏమీ తిరిగి ఇవ్వలేదన్న మాట నిజమే. మెలకువలో ఎవరి ముందూ నోరు విప్పలేదు కూడా. నేను ఆమెను నిర్దోషి అనడం లేదు. ఆమె బాధలో చచ్చినవాళ్లకు ముఖాలున్నాయి అంటున్నాను. ఆ తేడా ఎంత పెద్దదో, ఆమె చావు వార్త విన్న భర్త మాటల్లో తెలుస్తుంది. రేపు, రేపు, రేపు అంటూ జీవితమంతా అర్థం లేనిదని అద్భుతంగా మాట్లాడతాడు. ఆమె గురించి మాత్రం ఒకే ఒక్క పంక్తి.

ఒక్క పంక్తి దగ్గర ఆగిపోతాను

నా వాదనకు అడ్డొచ్చే చోటు ఒకటుంది, దాన్ని దాటేయలేను. చివరి యుద్ధంలో మాక్‌డఫ్ ఎదురుపడగానే మాక్‌బెత్ అంటాడు: అందరిలోకీ నిన్నే తప్పించుకు తిరిగాను, వెళ్లిపో, మీవాళ్ల రక్తం ఇప్పటికే నా ఆత్మ మీద చాలా బరువుగా ఉంది. స్త్రీ కడుపున పుట్టినవాడెవడూ నీకు కీడు చేయలేడన్న మంత్రగత్తెల మాట వల్ల, అప్పటికి తనను ఎవరూ చంపలేరనే నమ్మకం ఇంకా ఉంది కాబట్టి ఇది ప్రాణభయం కాదు. పిల్లవాడి ఊసు లేదన్నాను, ఇదిగో వచ్చింది. ఈ పంక్తి చదివినప్పుడల్లా నా నమ్మకం సడలుతుంది. రెండో అంకంలో తలుపు చప్పుడు విని, డంకన్‌ను నిద్రలేపు, లేపగలిగితే బాగుండును అన్న మాట కూడా అలాంటిదే. ఆ రెండు చోట్లా అతడు కిటికీ తెరిచి అవతలికి చూశాడు. అసలు ఎవరి పశ్చాత్తాపమైనా తన నిద్ర పోవడంతోనే మొదలవుతుంది కదా, అతడికి సమయం చాలలేదేమో అని వాదించేవాళ్లను నేను తీసిపారేయలేను.

అయితే అతడికి సమయం ఉంది, దారి కూడా ఉంది. ఆ దారి మొదటి అంకంలోనే కనిపిస్తుంది. రాజద్రోహం చేసిన పాత కాడర్ ప్రభువు మరణశిక్షకు ముందు నేరాలు ఒప్పుకున్నాడనీ, రాజును క్షమాపణ అడిగాడనీ, లోతుగా పశ్చాత్తాపపడ్డాడనీ మాల్కం చెబుతాడు. అతడి జీవితంలో దాన్ని విడిచిన తీరంత గొప్పది మరొకటి లేదంటాడు. ఆ కాడర్ బిరుదే మాక్‌బెత్‌కు దక్కింది. ఆ మనిషి చివర చేసిన పనిని మాత్రం అతడు తీసుకోలేదు. మాక్‌డఫ్ మామూలు కాన్పులో పుట్టలేదనీ, తల్లి కడుపు కోసి తీశారనీ తెలిసి ధైర్యం జారిపోయాక, నీతో పోరాడనంటాడు. అయితే లొంగిపొమ్మంటాడు మాక్‌డఫ్. అదే చివరి అవకాశం. లొంగనంటాడు మాక్‌బెత్. దానికి అతడు చెప్పిన కారణం కుర్రవాడైన మాల్కం కాళ్ల ముందు నేల ముద్దాడటం తనవల్ల కాదని, అల్లరిమూక శాపనార్థాలు వింటూ నిలబడలేనని.